లెన్స్ స్టోర్‌లో లిఫ్ట్ మెషిన్ పెట్టాలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

ప్రశ్న
వరంగల్ నుంచి, లెన్స్ ల్యాబ్ స్టోర్ ఇన్‌ఛార్జి

అందరికీ నమస్కారం. అడిగిన లెన్స్‌ను దానంతట అదే తెచ్చిచ్చే బీరువా లాంటి మెషిన్ మా స్టోర్‌కు కొనాలా అన్నది నా ప్రశ్న. మాది వరంగల్ మట్టెవాడ దగ్గర ఒక కళ్లద్దాల ల్యాబ్. హన్మకొండ, నర్సంపేట, పరకాల, ములుగు, జనగామ, మహబూబాబాద్ దుకాణాల నుంచి ఆర్డర్లు వస్తాయి. రోజుకు 230 నుంచి 250 జతలు. పొద్దున స్లిప్పులు వస్తే స్టోర్‌లో లెన్సులు తీసి, ఫ్రేముతో పాటు ట్రేలో పెట్టి గ్రైండింగ్‌కు (ఫ్రేము ఆకారానికి అరగదీయడానికి) పంపాలి. సాయంత్రం బస్సు పార్సిల్‌కు అందించాలి. ఆ బస్సు తప్పితే కస్టమర్‌కు ఒక రోజు ఆలస్యం, దుకాణం వాళ్ల ఫోన్లు, మాకు టెన్షన్.

బయటివాళ్లకు ఇందులో కష్టం ఏముందో తెలియదు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. లెన్స్ పవర్ పావు పావుగా మారుతుంది. మైనస్‌లో 0 నుంచి 6.00 దాకా 25 పవర్లు. ఒక్కోదానికి సిలిండర్, అంటే చూపు ఒక దిక్కున తేడాగా ఉంటే సరిచేసే అదనపు పవర్, 0 నుంచి 2.00 దాకా 9 రకాలు. అంటే 225 గడులు. ప్లస్ వైపు 0.25 నుంచి 6.00 దాకా ఇంకో 216. కలిపితే ఒక్క రకం లెన్స్‌కే 441 గడులు. ఇది మామూలు ప్లాస్టిక్ ఒక్కటే. ఏఆర్‌సీ (మెరుపు తగ్గించే పూత ఉన్నవి), బ్లూ కట్ (నీలి కాంతిని తగ్గించేవి), ఫొటోక్రోమిక్ (ఎండలో నల్లబడేవి), పలచటి లెన్సులు, ఇలా మేం పెట్టేవి 8 రకాలు. లెక్క వేస్తే 3,528 గడులు. దూరానికీ దగ్గరికీ ఒకే అద్దంలో పనికొచ్చే కేటీ, డీ బైఫోకల్ (కింద దగ్గరి చూపు ముక్క కనిపించేవి), ప్రోగ్రెసివ్ (గీత లేకుండా పవర్ మెల్లగా మారేవి) బ్లాంకులు, అంటే ఇంకా పూర్తిగా పవర్ చెక్కని లెన్సులు, ఇవి కాక. ప్రోగ్రెసివ్‌లో మళ్లీ కుడి కన్ను వేరు, ఎడమ కన్ను వేరు, కింది (దగ్గరి చూపు) పవర్ వేరు.

ఇవన్నీ రేకుల అరల్లో, చెక్క గడుల్లో ఉన్నాయి. పై వరుసలు అందాలంటే స్టూలు ఎక్కాలి. 17 ఏళ్లుగా వీటిని తీసేది మా అక్క. సొంత అక్క కాదు, కానీ అందరం అలాగే పిలుస్తాం. స్లిప్ చూడగానే చేయి ఆ గడి మీదికే పోతుంది. ‘మైనస్ రెండున్నర, ముప్పావు సిలిండర్’ అంటే చాలు, నేను వరుస వెతికేలోపు ప్యాకెట్ ఆమె చేతిలో ఉంటుంది.

ఇప్పుడు ఆమెకు 52. 2023లో కంటి వెలుగు శిబిరంలో పరీక్ష చేసి దగ్గరి చూపు అద్దాలు ఇచ్చారు. ఆ అద్దాలు పెట్టుకున్నా మా గోదాంలో ట్యూబులైటు వెలుతురులో ప్యాకెట్ మీద చిన్న అక్షరాలు కనబడటం కష్టంగా ఉంది. ప్యాకెట్ మూలన ప్లస్సో మైనస్సో ఒక్క చిన్న గీత తేడా. మోకాళ్ల నొప్పులు కూడా. స్టూలు ఎక్కి దిగుతుంటే నాకే భయమేస్తోంది.

పోయిన జూన్‌లో బడులు తెరిచిన వారం జరిగింది చెప్తాను. ఆ వారం పిల్లల ఆర్డర్లు గుట్టలుగా వస్తాయి. అంతకు ముందు ఎవరో ఆర్డర్ క్యాన్సిల్ చేస్తే మైనస్ 1.75 ప్యాకెట్ వెనక్కి వచ్చింది. హడావిడిలో అది మైనస్ 1.25 గడిలో పడింది. పెట్టింది అక్క కాదు, నేనే. రెండు రోజుల తర్వాత ఆ గడిలోంచే నర్సంపేట పాపకు వెళ్లింది. చివర్లో లెన్సోమీటర్ (లెన్స్ పవర్ కొలిచే పరికరం) మీద చూసే అబ్బాయి ఆ రోజు సెలవు, ఇంకో పిల్లాడు ఒక కన్నే చూసి వదిలేశాడు. ఎనిమిదో తరగతి చదివే పాప. వారం రోజులు చదువుతుంటే నొసలు నొప్పి అని ఏడ్చిందట. దుకాణం ఆయన ఫోన్ చేస్తే కొత్త జత చేయించి నేనే బస్సెక్కి తీసుకుపోయి ఇచ్చాను. ఆ పాప అద్దాలు మార్చుకుని గోడ మీద క్యాలెండర్ చూసి, ‘ఇప్పుడు మంచిగున్నది’ అన్నది. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

ఇక అసలు విషయం. 2024 డిసెంబర్‌లో లెన్స్‌కార్ట్ వాళ్లు తుక్కుగూడ ఫ్యాబ్ సిటీలో 1,500 కోట్లతో ఫ్యాక్టరీకి రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్నారని పేపర్లో వచ్చినప్పటి నుంచి మా సేటు ఆటోమేటిక్ స్టోర్ అంటున్నారు. ఈ మధ్య ఒక కంపెనీ మనిషి వచ్చి వీడియోలు చూపించాడు. బీరువా లాంటి మెషిన్, ఇంటి కప్పు కన్నా ఎత్తు. ఆర్డర్ నంబర్ కొడితే లోపలి ట్రే దానంతట అదే కిటికీ దగ్గరికి వస్తుంది. నేను అడిగేవి ఇవి.

రోజుకు 250 జతలకు ఇలాంటి మెషిన్ నిజంగా అవసరమా? మా తప్పులు దీంతో తగ్గుతాయా? మాది రేకుల షెడ్డు, మేలో లోపల నిలబడలేం, అది తట్టుకుంటుందా? అన్నిటికన్నా ముఖ్యంగా, మా అక్క కూర్చుని పని చేసుకునేలా దీన్ని పెట్టుకోవచ్చా? మెషిన్ వస్తే అక్కను ఆపేద్దాం అనే మాట సేటు నోట ఇంకా రాలేదు. వచ్చేలోపే నేను ఒక లెక్కతో వెళ్లాలి.

జవాబు 1
కరీంనగర్ వాడిని, బెంగళూరులో లెన్స్ ఫ్యాక్టరీలో మెషిన్ మెయింటెనెన్స్

అన్నా, తొమ్మిదేళ్లుగా ఈ మెషిన్ల మధ్యే ఉన్నాను. నిదానంగా చెప్తాను.

వీటిలో మీకు పనికొచ్చేవి రెండు. ఒకటి జాతరలో జెయింట్ వీల్ లాంటిది. అరలన్నీ గొలుసుకు వేలాడుతూ పైకీ కిందికీ తిరుగుతాయి, కావాల్సిన అర దగ్గరి దారిలో మీ ముందుకు వస్తుంది. రెండోది మీ సేటు చూసిన లిఫ్ట్ రకం. ముందూ వెనకా ట్రేలు దొంతరగా ఉంటాయి, మధ్యలో లిఫ్ట్ పైకి వెళ్లి ట్రేను లాగి తెచ్చి కిటికీలో పెడుతుంది. లోపల పెట్టేటప్పుడు ట్రేలో సరుకు ఎంత ఎత్తుందో కొలుచుకుని దానికి సరిపడా జాగాలో పెడుతుంది, అందుకే జాగా బాగా కలిసొస్తుంది. రెండింటిలోనూ కిటికీ నడుము ఎత్తులో ఉంటుంది, స్టూలు అక్కర్లేదు. ఏ గడిలోంచి ఎన్ని తీయాలో స్క్రీన్ మీద పెద్ద అంకెల్లో వస్తుంది, కొన్నింటిలో ఆ గడి మీద లైటు పడుతుంది. అక్క గురించి మీరు అడిగినదానికి జవాబు ఇదే: ఆమె హాయిగా చేసుకోవచ్చు.

కానీ తప్పుల సంగతి వేరు. మెషిన్‌కు తెలిసింది గడి నంబర్ ఒక్కటే. ఫలానా ట్రే, ఫలానా గడి, అక్కడ మైనస్ 1.25 ఉందని మనం చెప్పాం కాబట్టి అది నమ్ముతుంది. ఆ రోజు మీరు పెట్టిన 1.75 ప్యాకెట్‌ను అది కూడా అంతే నమ్మకంగా తెచ్చి ఇచ్చేది. మా ఫ్యాక్టరీలో మొదటి ఆరు నెలలు జరిగింది ఇదే. తీసేటప్పుడు స్కాన్ ఉండేది, వెనక్కి పెట్టేటప్పుడు ఉండేది కాదు. రెండు వైపులా ప్యాకెట్ బార్‌కోడ్ స్కాన్ చేస్తేనే లోపలికి తీసుకునేలా మార్చాక గానీ దారికి రాలేదు. స్కానర్‌కు లిఫ్ట్ అక్కర్లేదు అన్నా. మీ చెక్క గడులకే పెట్టుకోవచ్చు, ఈ నెలలోనే.

వేగం గురించి ఇంకో మాట. ఒక ఆర్డర్‌కు ఒకసారి ట్రే పిలిస్తే మెషిన్ కన్నా మీ అక్కే ముందుంటుంది. ట్రే వచ్చేదాకా చేతులు కట్టుకుని నిలబడాలి. పదో పన్నెండో ఆర్డర్లు ఒక కట్టగా ఇవ్వాలి. ఒక ట్రే వస్తే ఆ కట్టలో ఆ ట్రే అవసరం ఉన్నవన్నీ ఒకేసారి తీసేసి, ఎవరి జాబ్ ట్రేలో (ఆ ఆర్డర్ ఫ్రేము ఉన్న ట్రేలో) వాళ్లవి వేయాలి. పెద్ద చోట్ల రెండు మెషిన్లు పక్కపక్కన పెడతారు, ఒకదాంట్లో తీస్తుండగా రెండోది ట్రే తెచ్చుకుంటుంది.

అన్నీ మెషిన్‌లో పెట్టకండి. మైనస్ 0.50 నుంచి 2.00 దాకా సిలిండర్ లేనివి రోజంతా పోతూనే ఉంటాయి. వాటిని చేతికందే గడుల్లో, బల్ల పక్కనే ఉంచండి. అరుదుగా అడిగే పవర్లు, బ్లాంకులు మెషిన్‌కు పంపండి.

జవాబు 2
హన్మకొండ, ఆప్టోమెట్రిస్టు, సొంత దుకాణం

తమ్ముడూ, నేను ఆర్డర్లు పంపే వైపు నుంచి చెప్తాను.

స్లిప్పులు రాసే పద్ధతిలోనే సగం తప్పు ఉంది. కొందరు డాక్టర్లు సిలిండర్‌ను ప్లస్‌లో రాస్తారు. మైనస్ 3.00, ప్లస్ 1.00, యాక్సిస్ (సిలిండర్ ఏ కోణంలో ఉండాలో చెప్పే అంకె) 180 అని చీటీ వస్తే, మీ ప్యాకెట్ల మీద అది మైనస్ 2.00, మైనస్ 1.00 అని ఉంటుంది, యాక్సిస్ 90. రెండూ ఒకటే లెన్స్. దీన్ని ఎవరు మార్చాలి? మా దుకాణంలో మేం మార్చే పంపుతాం. చాలామంది అలాగే పంపేస్తారు, హడావిడిలో మీ అక్క నోటిలెక్కతో మార్చుకోవాల్సి వస్తోంది. ఆమె 17 ఏళ్లుగా ఎన్ని వేల చీటీలు మనసులోనే మార్చిందో ఆలోచించండి. కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడే ఒకే రూపంలోకి మారిపోయేలా పెట్టించండి. మెషిన్ కొన్నా కొనకపోయినా ఇది కావాలి.

ఇంకొకటి, ఇది నా మనసులో చాలాకాలంగా ఉంది. గ్రైండింగ్‌లో ఒక లెన్స్ పగిలితే ఆ ఒక్కటే మార్చి పంపుతుంటారు. మామూలు లెన్స్ అయితే సరే. ఫొటోక్రోమిక్‌లో రెండు వేర్వేరు లాట్లవి (వేర్వేరు విడతల్లో తయారైనవి) పడితే ఎండలో ఒక కన్ను ముదురుగా, ఒక కన్ను లేతగా కనిపించొచ్చు. ఏఆర్‌సీలో కూడా ఒకటి ఆకుపచ్చ మెరుపు, ఒకటి నీలం మెరుపు. కస్టమర్ అద్దంలో చూసుకుని మొహం మీదే చెప్తారు. మీ సాఫ్ట్‌వేర్ జతను జతగా చూడాలి, ఏ లాటో గుర్తుపెట్టుకోవాలి. సెల్‌ఫోన్ల గోదాం కోసం చేసిన సాఫ్ట్‌వేర్ తెచ్చి మీకు అంటగడితే ఇవేవీ దానికి తెలియవు. ఆ కంపెనీ మనిషిని ఈ ప్రశ్న తప్పకుండా అడగండి.

నర్సంపేట పాప దగ్గరికి మీరే వెళ్లారని చదివి సంతోషమైంది.

జవాబు 3
మంచిర్యాల, రిటైర్డ్ స్టోర్ కీపర్

బాబూ, నాకు కళ్లద్దాల సంగతి తెలియదు. బోల్టులు, బేరింగులు, స్పేర్ పార్టులు 31 ఏళ్లు చూశాను. మెషిన్ కొనేముందు గడుల్లో ఇప్పుడు ఏముందో లెక్క పెట్టు. బిన్ కార్డులో (గడికి తగిలించే లెక్క చీటీలో) ఒకటి, గడిలో ఒకటి ఉన్న స్టోర్‌ను ఏ మెషిన్‌లో పోసినా ఆ తేడా లోపలికే పోతుంది, తర్వాత వెతకడం ఇంకా కష్టం. అంతా ఒకేసారి వద్దు. రోజుకు ఇరవై ముప్పై గడులు, వరుసగా. తేడా వచ్చిన గడికి ఎర్ర గుర్తు పెట్టు. ఏ వరుసలో ఎర్ర గుర్తులు ఎక్కువ ఉన్నాయో చూస్తే కారణం నీకే దొరుకుతుంది.

కరెంటు పోతే ఎలా అన్నది కూడా అడుగు. సరుకు లోపల ఉండి, మనం బయట ఉండి, మధ్యలో తలుపు తెరుచుకోకపోతే ఆ బాధ వేరు.

ప్రశ్న వేసినవారి జవాబు

అందరికీ చాలా థ్యాంక్స్. మీరు చెప్పినట్టే చేసి వచ్చి రాస్తున్నాను, అందుకే పది రోజులు పట్టింది.

పెద్దాయన చెప్పిన లెక్కతో మొదలుపెట్టాను. ఏఆర్‌సీ రకం 441 గడులు, రెండు ఆదివారాలు, నేనూ అక్కా ఇద్దరం. అక్క కుర్చీలో కూర్చుని టేబుల్ ల్యాంపు కింద ప్యాకెట్ చదివింది, నేను స్టూలు ఎక్కి అందించాను. వేరే గడిలో ఉన్న ప్యాకెట్లు 31 దొరికాయి. అందులో 22 పక్క గడివి, పావు తేడా. 5 ప్లస్, మైనస్ తారుమారు. మిగిలిన 4 వేరే రకం లెన్సులే, ఏఆర్‌సీ గడిలో మామూలువి. ఎర్ర గుర్తులు ఎక్కడ ఎక్కువ ఉన్నాయో చూస్తే అన్నిటికన్నా పై రెండు వరుసల్లో. ఎందుకో మీకు చెప్పక్కర్లేదు. స్టూలు మీద ఒక చేత్తో అర పట్టుకుని, ఇంకో చేత్తో చూడకుండా లోపలికి తోసేవే అవి.

ఆ లెక్క చూసి అక్క చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘ఇవి నేను తీసేటప్పుడు పెట్టినవి కావు, వెనక్కి వచ్చినవి’ అన్నది. నిజమే. రిజిస్టర్‌తో పోల్చి చూశాను. 31లో 26 క్యాన్సిల్ అయినవో, ఫ్రేముకు సైజు చాలక వెనక్కి వచ్చినవో. అవి పెట్టేది మేమే, ఎవరికి తీరిక ఉంటే వాళ్లం. తీసే పనికి ఒక మనిషి ఉంది, పెట్టే పనికి ఎవరూ లేరు. ఇన్నేళ్లూ ఇది నా కంటికి ఆనలేదు.

కరీంనగర్ తమ్ముడు చెప్పిన కట్ట పద్ధతి కూడా చేసి చూశాం. ముందు ఒక రోజంతా టైం రాశాను: 240 జతలకు అక్క 3 గంటల 50 నిమిషాలు తిరిగింది. తర్వాత 12 స్లిప్పులు ఒక కట్టగా, పవర్ వరుసలో పేర్చి ఇచ్చాను. బల్ల మీద 12 జాబ్ ట్రేలు. అదే 240 జతలకు 2 గంటల 20 నిమిషాలు పట్టింది. మెషిన్ లేదు, ఏమీ లేదు. స్లిప్పులు పేర్చడానికి నాకు అరగంట పట్టింది, అది కంప్యూటర్ చేస్తే ఆ అరగంటా మిగులుతుంది.

సేటు ముందు ఈ కాగితాలు పెట్టాను. ఆయన లెక్క మనిషి, లెక్క చూస్తే వింటారు. ముందు రెండు స్కానర్లు, అంకెలు పెద్దగా కనిపించే ఒక స్క్రీన్ తెద్దామన్నారు. లిఫ్ట్ మెషిన్ ఆలోచన ఆపలేదు, కానీ అది బ్లాంకులకు, అరుదైన పవర్లకు, వచ్చే ఏడాది చూద్దామన్నారు. తమ్ముడూ, ఆ షెడ్డు సంగతి మాత్రం నువ్వు చెప్పలేదు.

జవాబు 1 ఇచ్చినవారు మళ్లీ

మర్చిపోయాను అన్నా, క్షమించండి. రేకుల కింద ఎత్తైన మెషిన్ అంటే పై ట్రేలు వేడిలో ఉన్నట్టే, వేడి గాలి అంతా పైకే చేరుతుంది. ఏఆర్‌సీ కోటింగ్ ఎక్కువ వేడికి సన్నగా పగుళ్లు బారుతుంది, కంటికి సాలెగూడులా కనిపిస్తుంది. పెట్టేట్టయితే రేకుల కింద ముందు సీలింగ్ వేయించి, గదిని చల్లగా ఉంచుకోండి. ఈ వేసవిలో ఒక పని చేయండి: పై వరుసలో ఒక థర్మామీటర్, కింది వరుసలో ఒకటి పెట్టి మధ్యాహ్నం మూడింటికి రాసుకోండి. ఎంత తేడా వస్తుందో మీరే చూస్తారు. మిర్చి, పత్తి సీజన్‌లో మీ దగ్గర గాలిలో దుమ్ము ఎక్కువ కదా, దానికి మూసి ఉండే మెషిన్ మంచిదే.

నేల కూడా చూపించుకోండి. లెన్సులు తేలికే. ప్యాకెట్ 20 గ్రాములనుకుంటే 20,000 ప్యాకెట్లు కలిపినా 400 కిలోలు. బరువంతా మెషిన్‌ది, అది చిన్న జాగా మీద పడుతుంది. మేడ మీద పెడదాం అంటే ఒప్పుకోవద్దు. కరెంటు గురించి పెద్దాయన అడిగింది సరైన ప్రశ్న. జెయింట్ వీల్ రకంలో చేతితో తిప్పే హ్యాండిల్ ఇస్తారా, లిఫ్ట్ రకమైతే ఎంతసేపటి బ్యాకప్ ఉంటుంది, కొనే కాగితంలోనే రాయించుకోండి.

ఇంకో సలహా. మీ ప్రోగ్రెసివ్‌లు బయట ఫ్రీఫామ్ మెషిన్ ఉన్న చోట చేయిస్తే బ్లాంకుల స్టాక్ చాలా తగ్గుతుంది. పాత పద్ధతిలో ముందు వైపే ప్రోగ్రెసివ్ పోసి వస్తుంది కాబట్టి నాలుగు కర్వులు (ముందు వైపు వంపులు), పది కింది పవర్లు, కుడి ఎడమ, అంటే 80 రకాల బ్లాంకులు ఉంచాలి. ఫ్రీఫామ్‌లో వెనక వైపు మొత్తం మెషిన్ చెక్కుతుంది, ముందు వైపు మామూలు గుండ్రటి బ్లాంకు చాలు. ఆ 80 గడుల చోట నాలుగు గడులు. మెషిన్ కొని సరుకు దాచుకోవడం కన్నా దాచాల్సిన సరుకే లేకుండా చేయడం చవక.

ప్రశ్న వేసినవారి జవాబు

తమ్ముడూ, 80 సంగతి సేటుకు చెప్తే పేపరు పక్కన పెట్టి మళ్లీ చెప్పమన్నారు. మా దగ్గర సరిగ్గా 74 ఉన్నాయి, కొన్ని మూడేళ్లుగా కదల్లేదు.

స్కానర్లు మొన్న సోమవారం వచ్చాయి. ఒకటి తీసే బల్ల దగ్గర, ఒకటి వెనక్కి వచ్చే ట్రే దగ్గర. వెనక్కి పెట్టే పని ఇప్పుడు అక్కది, ఆమె ఒక్కదానిదే. పైన ఉన్న రెండు వరుసలు ఖాళీ చేసి ఆ లెన్సులు కిందికి దించాం, స్టూలు గోదాం వెనక గదిలో పెట్టేశాను. మొదటి రోజు స్కానర్ తప్పు ప్యాకెట్‌కు ఎర్ర లైటు వేసి మోగితే అక్క ఉలిక్కిపడింది. ప్యాకెట్ తీసి ల్యాంపు కింద పెట్టి చూసింది: గడి మీద ప్లస్ 1.50, ప్యాకెట్ మీద మైనస్ 1.50. నాకు చూపించి, సరైన గడిలో పెట్టి, మళ్లీ స్కాన్ చేసింది. పచ్చ లైటు వెలిగాక తర్వాతి ప్యాకెట్ అందుకుంది.

హన్మకొండ అక్కా, మీ దుకాణం స్లిప్పులు చూశాను, అన్నీ మైనస్ రూపంలోనే ఉన్నాయి. మిగతా దుకాణాలకు పంపడానికి ఒక నమూనా స్లిప్ తయారు చేస్తున్నాను. పంపేముందు మీరు ఒకసారి చూసి తప్పులుంటే చెప్పండి.